ప్రమోటర్ గ్రూపులో ఒక అన్న

మిర్యాలగూడలో రైసు మిల్లు నడపడానికి కావలసినవి మూడు: జాగా, బాయిలరు, నోరు. అదే మిల్లును స్టాక్ ఎక్స్ఛేంజీలో లిస్టు చేయడానికి కావలసినవి పదకొండు పేజీలు. ఆ పదకొండు పేజీలూ ప్రింటు తీసి, ఒక్కో లైను పక్కన టిక్కు పెట్టడం నా ఉద్యోగం.

ఉద్యోగం పేరు కంప్లయన్స్ ఎగ్జిక్యూటివ్. మాది సూర్యాపేట. కంపెనీ సెక్రటరీ కోర్సు సగం చదివి, మిగతా సగం ఎక్కడికి పోతుందిలే అని ఆగాను. అది పోయింది. సిలబస్ మారింది. మా వాడకట్టులో ఇప్పటికీ నన్ను అడుగుతారు, ఇది పంచాయతీ సెక్రటరీ కంటే పెద్ద నౌకరీనా, చిన్న నౌకరీనా అని. జీతం చెప్తే మళ్లీ అడగరు.

రోజూ పొద్దున సూర్యాపేటలో బస్సెక్కి మిర్యాలగూడలో దిగేవాణ్ణి. మా సేటుకు యాభై దాటాయి. ఆయన మిల్లు ఊరి బయట, కాలువ దాటినాక. పబ్లిక్ ఇష్యూకు పోవాలన్న ఆలోచన ఆయనకు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు కచ్చితంగా తెలుసు, ఎందుకంటే ఆ ఆలోచన వచ్చినప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఎవరో పత్తి జిన్నింగు మిల్లాయన తన కంపెనీ లిస్టయిన రోజు ముంబై ఎక్స్ఛేంజీలో గంట కొడుతున్న ఫోటో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాడు. మా సేటు దాన్ని రెండు వేళ్లతో పెద్దగా చేసి చూశాడు. మనిషిని కాదు, గంటను.

"ఇది కొట్టాలంటే ఏం జెయ్యాలె?" అని అడిగాడు.

నేను పదకొండు పేజీలు ప్రింటు తీశాను.

పెద్ద కంపెనీలకు పెద్ద బోర్డు ఉంటుంది, మాలాంటి చిన్నవాటికి ఎస్ఎంఈ అని వేరే బోర్డు. చిన్నవాటికి రూల్స్ జర తక్కువని ఎవరో చెప్పగా విని సేటు ధైర్యం తెచ్చుకున్నాడు. తక్కువంటే ఎంత తక్కువో మొదటి వారంలోనే తెలిసింది. ప్రైవేటు కంపెనీని పబ్లిక్ కంపెనీగా మార్చాలి. మూడేండ్ల లెక్కలు ఆడిటయి ఉండాలి. వాటిలో లాభం కనపడాలి. ఈ చివరిది ఆయనను బాగా బాధపెట్టింది. ఇన్నేండ్లుగా మిల్లులో ఉన్న తెలివంతా లాభం కాగితం మీద కనపడకుండా చూడటానికే ఖర్చయింది. ఇప్పుడు అదే మనుషులు, అదే కాగితం, పని మాత్రం తిరగబడింది. మూడేండ్ల కింద ఎవరో లాభం చూపితేనే బ్యాంకు లోనిస్తుందని జ్ఞానోదయం కలిగించబట్టి సరిపోయింది గానీ, లేకపోతే గంట అక్కడే ఆగేది.

వెబ్‌సైటు ఉండాలన్నారు. చేయించాం. చేసినవాడు రైసు మిల్లుకు గోధుమ చేను ఫోటో పెట్టాడు. బంగారు రంగులో బాగుందని సేటు ఉంచమన్నాడు. ప్రమోటరు వాటాలో, అంటే సేటు వాటాలో, కొంత మూడేండ్ల దాకా అమ్మకూడదన్నారు. "అమ్ముకోనీకే గదా గింత పరేషాన్" అని సేటు రెండు రోజులు నాతో మాట్లాడలేదు, ఆ రూలు నేనే పెట్టినట్టు.

తరువాత డైరెక్టర్లు. బోర్డులో కొందరు కంపెనీతో గానీ సేటుతో గానీ ఏ సంబంధమూ లేనివాళ్లు ఉండాలి. ఒక ఆడమనిషి కూడా ఉండాలి. సంబంధం లేనోడు మనకోసం వచ్చి ఎందుకు కూసుంటడన్నది సేటు ప్రశ్న. ఆయన చెప్పిన పేర్లన్నీ బావమరుదులవి, వియ్యంకులవి. చివరికి సూర్యాపేటలో నాకు కామర్స్ చెప్పిన రిటైర్డ్ లెక్చరరమ్మను తీసుకొచ్చాను. మొదటి మీటింగులోనే ఆమె మూడు ప్రశ్నలడిగింది. ఆమె పోయినాక సేటు తలుపేసి, "ఈమె మనకు ఖిలాఫా?" అన్నాడు.

"కాదు సేట్. ఇండిపెండెంట్."

"ఫరకేంది?"

ఎదురు తిరిగిన మనిషికీ ఇండిపెండెంటుకూ ఫరక్ ఏమిటో నేనూ ఆలోచించాను. ఖిలాఫ్ ఉన్నవాళ్లు ఫీజు తీసుకోరు.

ఇదంతా నడిపించడానికి హైదరాబాదు నుంచి మర్చంట్ బ్యాంకరు వచ్చింది. నాకంటే రెండు మూడేండ్లు పెద్దదేమో. పేరులో బ్యాంకు ఉంది కాబట్టి లోను ఇస్తుందని మిల్లులో అందరూ కూల్‌డ్రింకులు తెచ్చారు. మనమే ఆమెకు ఫీజు ఇస్తామని తెలిశాక మంచినీళ్లు తెచ్చారు. ఆమె పని ఏమిటంటే, మేం చెప్పేదేదీ నమ్మకుండా ఒక్కోటి కాగితంతో సరిచూడటం. దానికి డ్యూ డిలిజెన్స్ అని పేరు. మా దిక్కు దీన్ని పిల్లనిచ్చే ముందు ఊరంతా వాకబు చేయడం అంటారు. అక్కడ ఎవరూ ఫీజు ఇవ్వరు.

ఆమె ఒకరోజు ఒక ఫారం తీసింది. ప్రమోటర్ గ్రూపు. అంటే ప్రమోటరుకు దగ్గరి చుట్టాలు: భార్య, పిల్లలు, తల్లిదండ్రులు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, భార్య తరఫున కూడా అంతే మంది. ఒక్కొక్కరి పాన్ నంబరు, అడ్రసు, వాళ్లకు ఏ వ్యాపారాల్లో వాటాలున్నాయో, కింద సంతకం. సేటు బావమరుదులు ముగ్గురూ సాయంత్రంలోగా పంపారు. అడగని ఆధార్ కూడా పంపారు. షేర్లు తమకు ఊరికే వస్తాయని వాళ్ల నమ్మకం.

"మీకు అన్నదమ్ములు?" అని బ్యాంకరు మేడం అడిగింది.

"లేరు" అన్నాడు సేటు.

ఆ గదిలో నేను, మేడం, అకౌంటెంటు, చాయ్ తెచ్చినతను ఉన్నాం. మేడం తప్ప అందరం గోడ కేసి చూశాం. ఎందుకంటే మిల్లు గేటు మీద పాత రంగు కింద ఇప్పటికీ 'బ్రదర్స్' అన్న మాట లీలగా కనపడుతుంది. వచ్చిన మొదటి రోజే మేడం దాన్ని ఫోటో తీసుకుంది.

సేటు లేచి, బీరువా తెరిచి, ప్లాస్టిక్ కవరులోంచి ఒక స్టాంపు కాగితం తీశాడు. పదిహేనేండ్ల కిందటి పంపకాల కాగితం. మిల్లు తమ్ముడికి, అంటే మా సేటుకు, పొలమూ రొక్కమూ అన్నకు. చివర్లో ఒక వాక్యం: ఈ రోజు నుండి మా ఇరువురి మధ్య ఎట్టి సంబంధ బాంధవ్యములు లేవు. కింద ఐదుగురు పెద్దమనుషుల సంతకాలు, అందులో ఒకరు త్రిపురారంలో ఉండే వాళ్ల సొంత మేనమామ.

మేడం శ్రద్ధగా చదివించుకుని విన్నది. తరువాత, తల్లీ తండ్రీ ఒక్కరే అయితే అన్న అన్నే అని, దాన్ని రద్దు చేసే అధికారం పెద్దమనుషులకు లేదని, మర్యాదగా చెప్పింది.

"ఐదుగురు సంతకం పెట్టిండ్రమ్మా" అన్నాడు సేటు.

"వాళ్ల సంతకాలు మాకు అవసరం లేదు సర్. ఆయనది ఒక్కటి చాలు."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా దిక్కు అన్నదమ్ములకు మాటలు బందయితే అది కోపం కింద రాదు, ఒక పద్ధతి కింద వస్తుంది. చుట్టాల పెండ్లిలో ఒకరు పొద్దున ముహూర్తానికి వస్తారు, ఇంకొకరు సాయంత్రం రిసెప్షన్‌కు. ఏ ఇంటివాళ్లు ఎవరికి ఏ పూట చెప్పాలో అందరికీ తెలుసు. తప్పనిసరై ఇద్దరూ ఒకచోట పడితే మధ్యలో మూడో మనిషి ఉంటాడు. వాళ్ల అమ్మ దినం నాడు ఇద్దరూ వంటాయన ద్వారా మాట్లాడుకున్నారట. వంటాయనా, ఆయన తిన్నడా అడుగు. వంటాయనా, తింటడని చెప్పు. ఇద్దరి మధ్య దూరం రెండు అడుగులు. వంటాయన అన్నం గిన్నెతో సహా అటూ ఇటూ తిరిగాడు.

గొడవ ఎందుకొచ్చిందో నాకు చెప్పింది హమాలీల మేస్త్రి. బస్తాలు మోసేవాళ్లకు పెద్ద అతను, మిల్లు పుట్టినప్పటి నుంచీ అక్కడే ఉన్నాడు. అప్పట్లో పక్క రాష్ట్రం వ్యాపారి ఒకాయన మీరెంత పంపినా కొంటానన్నాడు. తమ్ముడు మిల్లు బియ్యమంతా ఆయనకే పంపుదామని, అందుకు కొత్త మిషన్లు తెద్దామని అన్నాడు. ఒక్కని మీద బతకొద్దని అన్న అన్నాడు. తమ్ముడు హమాలీలందరి ముందు, నీకు పద్దులు రాసుడొస్తది గాని యాపారం రాదని అన్నాడు. అన్న కాళ్లు కడుక్కుని, చొక్కా మార్చుకుని, కోదాడ బస్సెక్కాడు. రెండేండ్లకు ఆ వ్యాపారి కొనడం ఆపాడు. మిల్లు ఒక సీజను మూతపడింది. ఊళ్లో సేటు చెప్పిన మాట, బాయిలర్ రిపేరు అని. "మేం గూడ గదే చెప్పినం" అన్నాడు మేస్త్రి. "ఆరు నెలలు రిపేరు జేసినం. బాయిలర్‌కేం గాలే."

అన్న అనుమానం నిజమైందని తమ్ముడు ఎన్నడూ ఒప్పుకోలేదు. ఒప్పుకోమని అన్న ఎన్నడూ అడగలేదు. పదిహేనేండ్లు ఇద్దరూ అక్కడే నిలబడ్డారు.

ఇప్పుడు మేడం లెక్క ఇది. అన్న సంతకం లేకపోతే రెండు చిక్కులు. ఒకటి, ఇతన్ని గ్రూపులోంచి మినహాయించమని పైకి అర్జీ పెట్టుకోవడం. దానికి నెలలు పడుతుంది. ఆడిటయిన లెక్కలు ఆరు నెలలు దాటితే పాచిపోయినట్టే, మళ్లీ మొదటి నుంచి ఆడిట్. రెండోది ఇంకా చెడ్డది. మినహాయింపు దొరికినా, ప్రాస్పెక్టస్‌లో అంటే షేర్లు కొనేవాళ్ల కోసం వేసే పుస్తకంలో, దాని గురించి ఒక పేరా అచ్చు వేయాలి. సేటు ఆ పేరా చూపించమన్నాడు. మేడం వేరే కంపెనీది చూపించింది. ఆయన నన్ను తెలుగులో చెప్పమన్నాడు.

"సేటు వాళ్లన్న కాగితం ఇయ్యలేదు, ఎందుకియ్యలేదో మాకు తెల్వదు అని రాస్తరు సేట్."

"తెల్వదా?"

"మనకు తెలుసు. కంపెనీకి తెల్వదు."

అది ఎవరు చదువుతారని అడిగాడు. ఎవరైనా చదవచ్చు, ఆన్‌లైన్‌లో ఉంటుంది, ఎప్పటికీ ఉంటుందని మేడం చెప్పింది. మిర్యాలగూడలో అందరికీ తెలిసిన విషయమే అది. కానీ ఊరికి తెలియడం వేరు, అచ్చులో పడటం వేరు. ఆ రోజు నుంచి ఆయన గంట గురించి అడగలేదు. ఆ పేరా గురించే అడిగాడు.

మరునాడు నన్ను కోదాడ పొమ్మన్నాడు. ఎవరి దగ్గరికో చెప్పలేదు. ఫారం నా చేతిలో పెట్టి, "ఆ మనిషితోని సంతకం తీస్కరా" అన్నాడు.

మిర్యాలగూడ నుంచి హుజూర్‌నగర్ మీదుగా మిల్లు బండి మీద పోయాను. మేళ్లచెరువు సిమెంటు లారీలు కలిసిన దగ్గర్నుంచి ముందున్నది రోడ్డో దుమ్మో తెలియదు. దిగేసరికి నా వయసు పదేండ్లు పెరిగినట్టు జుట్టు తెల్లబడింది. అన్నను హమాలీలు ఇప్పటికీ పెద్దసేటు అనే అంటారు. ఆయనకు కోదాడ దగ్గర ధర్మకాటా ఉంది. లారీలు తూకం వేసే చోటు. చిన్న గది, కిటికీ, కిటికీ పక్కన ఆయన. అరవై దాటాయి. కళ్లజోడు దారంతో మెడకు కట్టుకుని ఉన్నాడు.

నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "మిల్లు నుంచా?" అన్నాడు. నేను ఇంకా నోరు తెరవలేదు. ఎట్లా తెలిసిందని అడిగితే, సిమెంటు మనుషులు దులుపుకుని వస్తారు, నువ్వు దులుపుకోకుండా వచ్చావు, అలవాటు లేనివాడివి, ఆ దారిన అట్లా వచ్చేవాడు మిల్లు మనిషే అన్నాడు. కోదాడలో ఉండి ఉండి ఆయన మాట సగం పక్క రాష్ట్రం వైపు తిరిగింది.

ఫారం ఇచ్చి సంగతి చెప్పాను. ఒక లారీ కాటా ఎక్కి దిగింది. చీటీ చించి డ్రైవరుకిచ్చాక నా వైపు తిరిగాడు.

"సంబంధం లేదని వాడే రాయించాడు. ఇప్పుడు ఉందని నన్ను రాయమంటున్నాడా?"

"సేటు అంటలేడు పెద్దసేట్. రూలు అంటున్నది."

"మరి వాడేమంటున్నాడు?"

"సంతకం తీస్కరమ్మన్నడు."

ఎవరి దగ్గర్నుంచి తీసుకురమ్మన్నాడు, ఏమని చెప్పాడు అని అడిగాడు. 'ఆ మనిషి' అన్నాడని చెప్పలేక, మీ దగ్గర్నుంచే అన్నాను. ఆయన నవ్వాడు. అబద్ధాలు తూకం వేసీ వేసీ అలవాటైన మనిషి.

ఫారం తిరిగి నా చేతిలో పెట్టేవాడే. పెట్టే ముందు, అసలు ఆ పుస్తకంలో ఏం రాస్తారని మాటవరసకు అడిగాడు. మూడు వందల పేజీలుంటుందని చెప్పాను. మిల్లు గురించి మూడు వందల పేజీలా అన్నాడు. అందులో మొదటి నలభై పేజీలు మిల్లులో ఏమేం చెడిపోవచ్చో, ఎక్కడెక్కడ మునగవచ్చో రాయాలని, దాన్ని రిస్క్ ఫ్యాక్టర్స్ అంటారని చెప్పాను.

పెద్దసేటు కళ్లజోడు తీశాడు.

"చెడిపోయేవి వాడు రాశాడా?"

"రాయాలె. దాచిపెడితే కేసు."

"తెలుగులో ఉందా?"

"లేదు. ఇంగ్లీషులనే."

"తెలుగులో రాసుకుని రా. అప్పుడు చూద్దాం."

నిజానికి ఆ నలభై పేజీలు సేటు రాయలేదు. హైదరాబాదు లాయరు రాశాడు. ప్రతి కంపెనీకీ అవే రాస్తారు, పేర్లు మారుస్తారు. మా పుస్తకంలో ఒకచోట ఇంకెవరిదో ఉప్పు ఫ్యాక్టరీ మిగిలిపోతే నేనే తీయించాను. ఆ ఇంగ్లీషు ఎట్లా ఉంటుందంటే, చదివినవాడికి ఏ ప్రమాదమూ అర్థం కాకపోవడమే దాని గొప్ప. నాకు అంత తెలుగు రాదు. నాకొచ్చిన తెలుగు సూర్యాపేట బస్టాండు తెలుగు. బస్సులో పోతూ, వస్తూ, నాలుగు రోజుల్లో ముఖ్యమైనవి పద్నాలుగు పాయింట్లు రాశాను. లాయరు ఒకచోట, పరిమిత సంఖ్యలోని కొనుగోలుదారులపై గణనీయంగా ఆధారపడటం వల్ల గతంలో రుణ వాయిదాలను పునర్వ్యవస్థీకరించుకోవలసి వచ్చిందని అర్థమొచ్చేట్టు అరపేజీ రాశాడు. నేను రాసింది ఇది:

'ఒక్కని మీదనే బతికినం. ఆయన కొనుడు ఆపిండు. మిల్లు ఒక సీజను బందయింది. బ్యాంకోళ్లను బతిమాలి గడువు తీస్కున్నం. మళ్ల గట్ల కావొచ్చు.'

కాలువ నీళ్లు రాకపోతే వడ్లు రావు, వడ్లు రాకపోతే మిల్లు లేదు. ఉన్నదంతా ఒకచోటే ఉంది, ఒక్క నిప్పురవ్వ చాలు. ఇట్లా ఒక్కో పాయింటు రెండు మూడు లైన్లు. ప్రమోటరు మీద కంపెనీ అధికంగా ఆధారపడి ఉందన్న పాయింటుకు ఇట్లా రాశాను: 'అన్నీ సేటే జూస్కుంటడు. సేటు తప్పు జేస్తే ఆపేటోడు లేడు.'

ఇందులో ఎవరినీ ఏడిపించే ఉద్దేశం నాకు లేదు. తొందరగా అయిపోవాలని పొట్టిగా రాశాను.

పెద్దసేటు ఆ కాగితాలు పెన్సిలు పట్టుకుని చదివాడు. పద్దులు రాసిన మనిషి కాబట్టి ఒక్కో పాయింటు పక్కన టిక్కు పెట్టుకుంటూ పోయాడు. లారీలు హారన్ కొడుతున్నాయి. బ్యాంకోళ్లను బతిమాలిన దగ్గర పెన్సిలు ఆగింది.

"బాయిలర్ రిపేరు అన్నారే."

నేను కిటికీ బయట లారీలు లెక్కపెట్టాను. నా ఉద్యోగంలో తక్కువ మాట్లాడటం మొదటి నియమం, అంతకుముందు ఎన్నడూ పాటించలేదు గానీ.

ఆపేటోడు లేడన్న లైను దగ్గర మళ్లీ ఆగాడు. ఈసారి పెన్సిలు కింద పెట్టాడు. "ఒకడు ఉండేవాడు" అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియదు. కిటికీలో లారీ డ్రైవరు, ఎవరు సారూ అన్నాడు.

చివరి దాకా చదివాక, ఇది మా వాడు రాసిందేనా అని అడిగాడు. ఇక్కడ నేను ఒక అబద్ధం చెప్తే ఆ రోజే పని అయిపోయేది. చెప్పాలనే అనుకున్నాను. ఆయన మొహం చూస్తే, పదిహేనేండ్లుగా రావలసిన ఉత్తరం ఇప్పుడే వచ్చినట్టుంది. దాని మీద దొంగ సంతకం చేసే ధైర్యం నాకు రాలేదు. రాసింది లాయరు, తెలుగు చేసింది నేను, కానీ పుస్తకంలో ఉన్నదంతా నిజమని చివర్లో డైరెక్టర్లంతా సంతకం పెట్టాలి, సేటు కూడా పెడతాడు అని ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

"వాడు చదివాడా?"

"మూడొందల పేజీలు ఎవరూ చదవరు పెద్దసేట్."

ఆయన కాగితాలు మడిచి, మడత మీద గోటితో ఒత్తి, నాకు తిరిగి ఇచ్చాడు.

"ఇంగ్లీషు కింద ఎవడైనా పెడతాడు సంతకం. ఈ తెలుగు కింద పెట్టమను. ఆ రోజే నేనూ పెడతాను."

మిల్లుకు వచ్చి కాగితాలు సేటు టేబులు మీద పెట్టాను. ఆయన మొదటి పాయింటు చదివి లేచి నిలబడ్డాడు. నిలబడే అంతా చదివాడు.

"నేను గిట్ల చెప్పిన్నా?"

"చెప్పిండ్రు సేట్. ఇంగ్లీషుల."

"ఇంగ్లీషుల గింత ఘోరంగ లేదు గదా."

"ఇంగ్లీషుల ఇంకా ఘోరంగున్నది. మనకు అర్థం కాదంతే."

లాయరుకు ఫోను చేయించాడు. ఇవన్నీ తీసేయవచ్చా అని. తీసేస్తే ఎక్స్ఛేంజీవాళ్లు ఫైలు తిప్పి పంపుతారన్నాడు లాయరు. కనీసం బ్యాంకు సంగతి? అది అసలే తీయకూడదన్నాడు. సేటు ఫోను పెట్టేసి, వడ్లు ఆరబోసిన కళ్లం దాకా పోయి, అక్కడ ఏ పనీ లేకపోయినా ఇద్దరిని తిట్టి వచ్చాడు. వాళ్లు కూడా అందుకు సిద్ధంగానే ఉన్నారు.

వారం గడిచింది. మేడం రోజూ ఫోను చేసి, లెక్కల గడువు ఇంకా ఇన్ని రోజులు ఉందని చెప్పేది. సేటు రోజూ సొరుగు తీసి ఆ తెలుగు కాగితాలు చూసి మళ్లీ పెట్టేవాడు. ఒకరోజు నన్ను పిలిచి, నా తెలుగును జర పెద్దమనిషి తెలుగు చేయమన్నాడు. చేస్తే పెద్దసేటు ఒప్పుకోడన్నాను. ఇంకోరోజు, సంతకం కాకుండా పొట్టి సంతకం పెడితే చాలదా అన్నాడు. ఏ సంతకం పెట్టినా ధర్మకాటాలో తూకం వేస్తారని చెప్పాను. ఆయన నన్ను ఉద్యోగంలోంచి తీసేస్తానన్నాడు. తీసేస్తే లిస్టులో కంప్లయన్స్ మనిషి అన్న టిక్కు పోతుందని గుర్తుచేశాను.

ఆ వారం ఆఖర్న మేస్త్రి కూలీ రేట్ల గురించి మాట్లాడటానికి లోపలికి వచ్చాడు. సేటు ఉన్నట్టుండి, "అప్పుడు మిల్లు ఎందుకు బందయింది?" అని అడిగాడు. మేస్త్రి నా వైపు చూశాడు. తరువాత చాలా జాగ్రత్తగా, "బాయిలర్ రిపేరు సేట్" అన్నాడు.

సేటు సొరుగులోంచి ఆ తెలుగు కాగితాలు తీసి, పెన్ను అడిగాడు.

సంతకం ఒక్కటే పెడతాడనుకున్నాను. పెట్టలేదు. 'ఒక్కని మీదనే బతికినం' అన్న పాయింటు కింద మిగిలిన జాగాలో ఏదో రాయడం మొదలుపెట్టాడు. మాట్లాడితే గేటు దాకా వినపడే మనిషి, బిగదీసుకుని, సర్కారు కాగితం రాసినట్టు రాశాడు. నేను తలకిందులుగా చదివాను. 'పై విషయమై యాజమాన్యమునకు ముందుగానే హెచ్చరిక అందియున్నది. యాజమాన్యము దానిని లెక్కచేయలేదు. అందుకు యాజమాన్యము చింతించుచున్నది.' కింద పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, తేదీ, కంపెనీ ముద్ర. ముద్ర నేనే వేశాను. వంకరగా పడితే మళ్లీ వేయించాడు.

కోదాడలో పెద్దసేటు ఆ మూడు వాక్యాలను మిగతా పద్నాలుగు పాయింట్ల కంటే ఎక్కువసేపు చదివాడు. వెనక మూడు లారీలు లైనులో ఉన్నాయి. యాజమాన్యం అంటే ఎవరని అడిగాడు. సేటు ఒక్కడే అన్నాను. తెలుసులే అన్నాడు.

ఫారం తీసుకుని వరసగా నింపాడు. పాన్, అడ్రసు, వ్యాపారం, ఫోను నంబరు. అక్షరాలు పద్దు పుస్తకంలో లాగా ఒకే ఎత్తులో ఉన్నాయి. ప్రమోటరుతో సంబంధం అన్న గడి దగ్గర పెన్ను ఎత్తాడు.

"ఇక్కడ ఏం రాయాలి?"

ఏదో ఒకటి అందామనుకున్నాను. నాకు అట్లాంటి చోట్ల తప్పకుండా ఏదో ఒకటి తోస్తుంది. ఆ రోజు తోచలేదు. "ఉన్నది రాయండి" అన్నాను.

రాశాడు. రాసి, ఆరడానికి ఊదాడు. అది బాల్‌పెన్ను.

మరునాడు పొద్దున నేను బస్సు దిగి పోయేసరికి సేటు అప్పటికే ఆఫీసులో ఉన్నాడు. ఎనిమిది కూడా కాలేదు. ఫారం ఏదన్నాడు. ఇచ్చాను. ఒరిజినల్ మన దగ్గర ఉంచుకుని జిరాక్సు పంపితే కాదా అన్నాడు. ఒరిజినలే పంపాలని చెప్పాను. మళ్లీ కూర్చుని పైనుంచి చదివాడు. సంబంధం గడిలో ఉన్న రెండక్షరాల మీద వేలు ఆనించాడు. చేతిరాత ఇంకా అట్లనే ఉన్నదన్నాడు. తరువాత జేబులోంచి ఫోను తీసి, కాగితం చూస్తూ ఒక్కో అంకె నొక్కడం మొదలుపెట్టాడు.

నేను చూస్తున్నానని గమనించి, "నంబరు కరెక్టో కాదో జూడాలె గద" అన్నాడు.

"చూడాలె సేట్. తప్పు నంబరిస్తే ఫైలు తిప్పి పంపుతరు."

ఆయన ఫోను చెవి దగ్గర పెట్టుకుని కళ్లం వైపు పోయాడు. డ్రయ్యరు నడుస్తోంది కాబట్టి ఏమీ వినపడలేదు. గాలిలో ఒక చేయి ఆడిస్తూ నిలబడ్డాడు, తరువాత ఆ చేయి కూడా ఆగింది. నేను కవరు మీద అడ్రసు రాశాను. కొరియరు పదకొండుకు వస్తుంది. పది దాటినా ఆయన లోపలికి రాలేదు. మేడం ఫోను చేసి, అన్నగారి కాగితం సరిచూశారా అని అడిగింది.

సరిచూస్తున్నారు, ఇంకా అయిపోలేదని చెప్పాను.